జాగ్రత్తగా రాయమంటే బగ్‌లు ఆగవు

నేను రాసిన ప్రోగ్రామ్ ఒకసారి పదకొండు రోజుల పాటు ఒకరి లెక్కలు ఇంకొకరి పేరు పక్కన వేసి పంపింది. క్రాష్ కాలేదు, ఎర్రర్ ఇవ్వలేదు, లాగ్‌లో ఒక్క వార్నింగ్ కూడా లేదు. రోజూ రాత్రి వేళకు మొదలయ్యేది, వేళకు ముగిసేది, చివర్లో "పూర్తయింది" అని రాసేది. తప్పు పట్టుకున్నది మా టీమ్‌లో ఎవరూ కాదు. రిపోర్టు అందుకున్న ఒకావిడ, అందులో ఉన్న అంకెలు తనవి కావని చూసి ఫోన్ చేశారు.

జరిగింది చూస్తే చాలా చిన్న విషయం. ఆ ప్రోగ్రామ్ రెండు ఫైళ్లు చదివేది. ఒకదాంట్లో మనుషుల వివరాలు, రెండోదాంట్లో వాళ్ల లెక్కలు. మొదటి ఫైల్లో పదో వరసను రెండో ఫైల్లో పదో వరసతో జత చేసేది. రెండు ఫైళ్లూ ఐడీ నంబర్ల వరసలోనే వస్తాయని నాకు తెలుసు. రెండేళ్లు అలాగే వచ్చాయి కూడా. తర్వాత ఇంకో టీమ్ వాళ్లు తమ అవసరం కోసం వివరాల ఫైల్‌ని పేర్ల అక్షర క్రమంలోకి మార్చారు. వాళ్లు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. ఆ ఫైల్ ఏ వరసలో ఉండాలో ఎక్కడా రాసి లేదు. ఆ సంగతి నా తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

తర్వాత మీటింగ్ పెట్టారు. పెద్దగా ఎవరూ కేకలు వేయలేదు. "ఇకమీదట కొంచెం జాగ్రత్తగా చూసుకుని రాయండి" అన్నారు, అంతే. నేను సరేనన్నాను. ఆ మాట ఆ రోజు సబబుగానే అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత మాత్రం, ఆ మాట వల్ల ఏ బగ్గూ ఆగదనీ, పైగా ఆ మాటతో మీటింగ్ ముగిసిన ప్రతిచోటా తర్వాతి బగ్‌కి దారి తెరిచే ఉంటుందనీ గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను.

మొదటి సంగతి, నేను ఆ ప్రోగ్రామ్‌ని అజాగ్రత్తగా రాయలేదు. మూడుసార్లు చదువుకున్నాను. ఇంకొకరు రివ్యూ చేశారు. టెస్టులు రాశాను, అన్నీ పాసయ్యాయి. కానీ టెస్టుకి వాడిన రెండు ఫైళ్లూ నేను తయారు చేసినవే, రెండూ ఒకే వరసలో ఉన్నవే. కోడ్ రాసినప్పుడు నాలో ఉన్న నమ్మకమే టెస్టు రాసినప్పుడూ ఉంది. రివ్యూ చేసినవారికీ ఆ ఫైళ్లు ఎప్పుడూ అలాగే వస్తాయని తెలుసు కాబట్టి వారికీ అనుమానం రాలేదు. ఇద్దరం కాదు, ముప్పై మందిమి చూసినా అందరికీ తెలిసిన నిజాన్ని ఎవరూ ప్రశ్నించరు. నేను ఇప్పటిదాకా చూసిన బగ్‌లలో చేయి జారి రాసిన పొరపాట్లు కొన్నే. చాలావాటి అడుగున తవ్వితే ఇలాంటి నమ్మకమే బయటపడింది. ఒకప్పుడు అది నిజమే, కానీ ఎవరూ దాన్ని ఎక్కడా రాసి పెట్టలేదు.

దీనికి నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్. 1996 జూన్ 4న, మొట్టమొదటి ప్రయోగంలోనే, ప్రయాణ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకు అది దారి తప్పి ముక్కలైంది. అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణ సంఖ్యలోకి మార్చే చోట తేడా వచ్చింది. 16 బిట్లలో 32,767 దాటి పట్టదు. విలువ అంతకు మించింది. ఆ కోడ్ అంతకు ముందు రాకెట్ ఏరియన్ 4 నుంచి తీసుకున్నది, అక్కడ ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేసింది. ఏరియన్ 4 అంత వేగంగా అడ్డంగా కదలదు కాబట్టి ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దది కాలేదు. ఏరియన్ 5 కదిలింది.

విచారణ నివేదికలో నన్ను పట్టుకున్న వివరం వేరే ఉంది. అలా మార్చే విలువలు మొత్తం ఏడు. వాటిలో నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడింటిని వదిలేశారు. మరిచిపోయి వదిలేసినవి కావు. కంప్యూటర్ మీద భారం ఒక హద్దు దాటకూడదని, ఆ మూడూ మించే అవకాశం లేదని ఆలోచించి వదిలేశారు. అంటే జాగ్రత్తపరులే, లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయమే. కానీ ఎందుకు వదిలేశారన్నది సోర్స్ కోడ్‌లో ఎక్కడా లేదు. కొత్త రాకెట్‌కి ఆ కోడ్‌ని తీసుకున్నవాళ్లు చదివింది కోడ్‌నే. ఇంకోటి, ఒకటి పాడైతే రెండోది ఉండాలని అలాంటి కంప్యూటర్లు రెండు పెట్టారు. రెండింట్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి, సెకనులో పదో వంతు కూడా తేడా లేకుండా రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. నా కోడ్‌లో, నా టెస్టులో ఒకే నమ్మకం ఉన్నట్టే.

రాకెట్లు మనకు దూరం అనుకునేవాళ్ల కోసం కాలేజీ మొదటి సంవత్సరంలోనే నేర్పే బైనరీ సెర్చ్ సంగతి చెప్తాను. వరసలో పేర్చిన జాబితాలో మధ్యకు వెళ్లి, కావలసింది ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అని చూసుకుంటూ సగం సగం చేసుకుపోవడం. మధ్య ఎక్కడో తెలియాలంటే మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కలిపి రెండుతో భాగిస్తాం. ఇందులో తప్పేముంటుంది? జాన్ బెంట్లీ అనే పేరున్న ప్రోగ్రామర్ 1986లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని సరైనదని రుజువు చేసి మరీ చూపించారు. అయినా తప్పుంది. జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలు ఉంటే ఆ రెండు స్థానాల కూడిక 214 కోట్లు దాటిపోవచ్చు. 32 బిట్ల సంఖ్యలో అది పట్టదు, తిరగబడి రుణ సంఖ్య అవుతుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో సిద్ధంగా వచ్చే కోడ్‌లో, అంటే దాని లైబ్రరీలో, ఇదే తప్పు సుమారు తొమ్మిదేళ్లు ఉండిపోయిందని ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే బయటపెట్టారు. రుజువు తప్పు కాదు. కాగితం మీద సంఖ్యలకు హద్దు ఉండదు, యంత్రంలో ఉంటుంది. ఆ తేడాని ఎవరూ రాసుకోలేదు. రాసి, రుజువు చేసి, ఇరవై ఏళ్లు పాఠంగా చెప్పినవారికే దొరకనిది జాగ్రత్తగా ఉండమన్నంత మాత్రాన మనకు దొరుకుతుందా?

సి, సి ప్లస్ ప్లస్ భాషల్లో మెమరీ తప్పుల కథ కూడా ఇదే. మెమరీలో తనది కాని చోటును ప్రోగ్రామ్ చదవడం, అక్కడ రాయడం లాంటివి ఈ తప్పులు. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ బ్రౌజర్ తయారుచేసేవాళ్లు మరుసటి సంవత్సరం తమ తీవ్రమైన లోపాల గురించి దాదాపు అదే అంకె చెప్పారు. ఆ కోడ్ రాసేవాళ్లు చేతకానివాళ్లు కాదు. దశాబ్దాలుగా ఈ తప్పుల గురించే పుస్తకాలు చదివి, హెచ్చరికలు విని, జాగ్రత్తగా రాస్తున్నవాళ్లే.

మరి ఏం చేయాలి? మన నమ్మకాన్ని తలలోంచి తీసి, యంత్రం పరీక్షించగలిగే చోట రాయాలి. కామెంట్‌లో రాస్తే కొంత నయం, కానీ కామెంట్‌ని యంత్రం చదవదు, మనుషులూ చాలాసార్లు చదవరు. అసర్ట్ రాయడం మెరుగు. "ఇక్కడికి వచ్చేసరికి ఈ మాట నిజమై ఉండాలి, కాకపోతే ముందుకు పోవద్దు" అని ప్రోగ్రామ్‌కి చెప్పడమే అసర్ట్ అంటే. నా ప్రోగ్రామ్‌లో "రెండు వరసల ఐడీలూ ఒకటే" అన్న ఒక్క లైన్ ఉండి ఉంటే మొదటి రాత్రే ఆగిపోయేది. పదకొండు రోజులు, అన్ని ఫోన్లు, అన్ని క్షమాపణలు అవసరమయ్యేవి కావు.

ఇంకా మెరుగైనది, ఆ తప్పు రాయడమే వీల్లేకుండా చేయడం. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ తోపుడు బలం లెక్కను పౌండ్లలో ఇచ్చింది, తీసుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్లలో అనుకుంది. రెండింటికీ తేడా 4.45 రెట్లు. ఫైల్లో మాత్రం అది ఉత్త అంకె, దేంట్లో కొలిచారో ఆ అంకె చెప్పదు. పౌండ్లకు ఒక టైపు (ఆ విలువ ఏ రకమో చెప్పే గుర్తు), న్యూటన్లకు ఇంకో టైపు పెట్టుకుని, ఫైల్లో కూడా ఆ కొలమానం రాసి ఉంటే, ఒకదాని చోట ఇంకొకటి వచ్చినప్పుడు ప్రోగ్రామే ఒప్పుకోదు. అప్పుడు ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇలా టైపులతో పని చేయించుకోవడం మొదట్లో విసుగనిపిస్తుంది. ప్రతిదానికీ ఒక పేరు, ఒక టైపు, ఒక మార్పిడి. నాకూ అనిపించింది. కానీ ఆ విసుగు పగటి పూట, కాస్త తీరికగా ఉన్నప్పుడు పడేది. బగ్ తెచ్చే టెన్షన్ అర్ధరాత్రి పడేది.

కోడ్‌ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్ ఇచ్చే వార్నింగ్‌ల గురించి పెద్దగా చెప్పను. అన్నీ ఆన్ చేయండి, ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి. 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఫోన్లలో, కంప్యూటర్లలో సురక్షిత కనెక్షన్ల పరిశీలన పనిచేయడం లేదని బయటపడింది. ఒక లైన్ పొరపాటున రెండుసార్లు పడి, ఆ కింద ఉన్న అసలు పరిశీలన ఎప్పటికీ నడవకుండా పోయింది. ఎప్పటికీ నడవని కోడ్‌ని చూపించే వార్నింగ్ కంపైలర్లో ఉండేదే.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది, అది న్యాయమైనదే. "లైవ్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని ఆపేస్తే ఎలా? తప్పో ఒప్పో నడవడం ముఖ్యం కదా?" నిజానికి ఏరియన్ 5లో జరిగింది కూడా ఆగిపోవడమే. విలువ పట్టకపోయేసరికి ఆ కంప్యూటర్ తనను తాను ఆపేసుకుంది, ఆగుతూ పంపిన ఎర్రర్ సమాచారాన్ని ముఖ్య కంప్యూటర్ నిజమైన ప్రయాణ వివరాలనుకుని ఇంజిన్లను తిప్పేసింది. పైగా ఆగిపోయిన ఆ లెక్క రాకెట్ ఎగిరాక దేనికీ అవసరం లేనిది. కాబట్టి ఆగమని రాసేటప్పుడు, ఆగితే ఎవరికి ఏం చెప్తుంది, అవతల ఉన్నది దాన్ని ఏమనుకుంటుంది అన్నది కూడా ఆలోచించాలి. రాకెట్ గాలిలో ఉన్నప్పుడు తెలిసినంతలో మంచి విలువ ఇచ్చి కొనసాగడమే సరైనది కావచ్చు. రాత్రి పూట తయారయ్యే రిపోర్టు మాత్రం ఆగి తీరాలి. ఆలస్యమైన రిపోర్టు గురించి అందరికీ తెలుస్తుంది, తప్పు రిపోర్టు గురించి ఎవరికీ తెలియదు. నమ్మకం తప్పితే ఏం చేయాలన్నది చోటుని బట్టి మారుతుంది. తప్పినట్టు తెలియాలన్నది మాత్రం మారదు.

టెస్టుల గురించి కొంచెం. టెస్టులు బగ్ ఉందని చూపగలవే గానీ లేదని చూపలేవని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అర్ధశతాబ్దం కిందటే చెప్పారు. అయినా టెస్టులు రాయాల్సిందే, నేను రాస్తాను. నా బాధ అవి మన ఊహలోంచే పుడతాయన్నది. మన ఊహ దాటి వెళ్లాలంటే మనం కాని దేన్నో అడగాలి. 1988లో ఒక తుఫాను రాత్రి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఇంటి నుంచి ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌కి కనెక్టయ్యారు. వాన వల్ల లైన్లో చెత్త అక్షరాలు చేరుతూ, రోజూ వాడే యూనిక్స్ ప్రోగ్రామ్‌లు క్రాష్ కావడం చూశారు. తర్వాత విద్యార్థులతో కావాలనే గజిబిజి అక్షరాలు పంపించి చూస్తే, పరీక్షించిన ప్రోగ్రామ్‌లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పడిపోయాయి. ఫజింగ్ అనే పద్ధతి అలా మొదలైంది. గజిబిజికి మన నమ్మకాలేవీ తెలియవు, అందుకే అది పనిచేస్తుంది. అసర్ట్‌లు ఉన్న కోడ్ మీద ఫజింగ్ నడిపితే ఇంకా ఎక్కువ దొరుకుతాయి, క్రాష్ కాని తప్పులు కూడా అసర్ట్ దగ్గర పట్టుబడతాయి కాబట్టి.

ఇంత చేసినా బగ్ వస్తుంది. వచ్చినప్పుడు వెతకడంలోనూ నాది ఒకటే మాట: ముందు దాన్ని మళ్లీ రప్పించండి, అప్పటిదాకా కోడ్ ముట్టుకోకండి.

దీన్ని నేను నాలుగు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే ఒక తప్పు. ఇదై ఉంటుందని ఒకటి మార్చాను, పోలేదు. అదై ఉంటుందని ఇంకోటి మార్చాను. ఏం జరుగుతోందో చూద్దామని ఒక ప్రింట్ లైన్ పెట్టాను, తప్పు మాయమైంది. ఆ ప్రింట్ అలాగే ఉంచి ఫిక్స్ అయిందని టికెట్ మూసేశాను. రెండు వారాలకు తిరిగి వచ్చింది. రెండు థ్రెడ్లు, అంటే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు పనులు, ఒకే విలువ కోసం పోటీ పడుతున్నాయి, నా ప్రింట్ ఒకదాన్ని కాస్త ఆలస్యం చేసి తప్పుని దాచింది, అంతే. ఈ మధ్యలో నేను చేసిన మార్పుల్లో ఒకటి కొత్త బగ్ తెచ్చింది కూడా.

థెరాక్ 25 గురించి చదివాక ఈ విషయంలో నా మనసు మరింత గట్టిపడింది. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే ఆ యంత్రం 1985, 1987 మధ్య ఆరుగురికి అతిగా డోసు ఇచ్చింది, వారిలో కొందరు చనిపోయారు. 1986 మార్చిలో అమెరికాలోని టైలర్ పట్టణంలో ఒక ప్రమాదం జరిగాక ఇంజినీర్లు వచ్చి పరీక్షించారు. తప్పు రాలేదు. యంత్రాన్ని మళ్లీ వాడకంలోకి తెచ్చారు. ఏప్రిల్‌లో ఇంకో రోగికి అదే జరిగింది. ఈసారి అక్కడి భౌతిక శాస్త్రవేత్త, యంత్రం నడిపే ఆపరేటర్ కలిసి కూర్చుని, ఆ రోజు ఏ క్రమంలో ఏ మీటలు నొక్కారో గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ మళ్లీ నొక్కి చూశారు. చివరికి తప్పు వచ్చింది. కిటుకు వేగంలో ఉంది. అలవాటైన చేయి పొరపాటుగా కొట్టిన దాన్ని ఎనిమిది సెకన్లలోపు దిద్దేస్తే, ఆ మార్పు యంత్రంలో ఒక భాగానికి చేరేది కాదు. తయారీదారు ఇంజినీర్‌కి మొదట తప్పు రాలేదు. వేగంగా కొట్టాలని చెప్పాక వచ్చింది. నిదానంగా, జాగ్రత్తగా పరీక్షించేవారికి ఆ బగ్ కనిపించదు.

అంతకు ముందు మోడల్ థెరాక్ 20లోనూ ఇదే తప్పు ఉందని తర్వాత తెలిసింది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అందులో విడిగా హార్డ్‌వేర్ అడ్డుకట్టలు ఉండేవి, ఫ్యూజు పోయి యంత్రం ఆగిపోయేది. 25లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని వాటిని తీసేశారు. ఒకే తప్పు, ఒకచోట ఫ్యూజు పోయింది, ఇంకోచోట ప్రాణం పోయింది.

తప్పు మీరు పిలిచినప్పుడు రావడం మొదలైతే సగం పని అయినట్టే. తర్వాతిదంతా సగం చేసుకుపోవడం. పెద్ద ఫైల్‌తో వస్తే సగం ఫైల్‌తో వస్తుందేమో చూడండి. గత నెలలో లేని తప్పు ఈ నెలలో వస్తే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే సాధనంలోని బైసెక్ట్‌కి అప్పగించండి, వెయ్యి కమిట్లలో, అంటే నమోదైన మార్పుల్లో, దోషి ఎవరో పది సార్లు నడిపితే తేలుతుంది. ఒకసారికి ఒకటే మార్చండి, ఏం మార్చారో ఏం జరిగిందో కాగితం మీద రాయండి. మూడో గంట దాటాక నాకు నా జ్ఞాపకం మీద నమ్మకం ఉండదు. "ఇది మాత్రం కచ్చితంగా సరే" అనుకున్న చోటునే ముందు ప్రింట్ చేసి చూడటం కూడా అలవాటు చేసుకున్నాను, ఎందుకంటే అనుమానం ఉన్న చోట్లు నేను ఎలాగూ చూస్తాను.

అన్నిటికంటే ముందు, తప్పు జరిగిందని చెప్పే మనిషిని నమ్మాలి. బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపేవారిలో 900 మందికి పైగా 1999 నుంచి 2015 దాకా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్ష పడింది. ఎక్కువ కేసులకు ఆధారం హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపిన లోటు. డబ్బు మేం తీయలేదు, కంప్యూటర్ తప్పు చూపిస్తోందని వాళ్లు చెబుతూనే ఉన్నారు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని భావించడం అప్పట్లో అక్కడి కోర్టుల పద్ధతి. వాళ్ల శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ఒక చట్టమే తేవలసి వచ్చింది. "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అని మనం తేలిగ్గా అనే మాట పెరిగి పెద్దదైతే ఎక్కడికి పోతుందో నాకు ఆ కేసులు చదివినప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి ఆ మాట అనడం మానేశాను.

జాగ్రత్తగా ఉండమనడంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ మాట బగ్‌ని మనిషి గుణంగా మార్చేస్తుంది. బగ్ రాసినవాడు అజాగ్రత్తపరుడు అయితే, తర్వాతిసారి తన బగ్ తనకే కనిపించినవాడు నోరు విప్పడు. చిన్నగా ఉన్నప్పుడే చెప్పాల్సింది పెద్దయ్యాక బయటపడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఒక బగ్ తెచ్చి, ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వస్తే నేను అడిగేవి రెండే ప్రశ్నలు. నువ్వు ఏది నిజమనుకున్నావు? అది నిజం కాదని ప్రోగ్రామ్ ఎక్కడ చెప్పగలిగేది? జవాబు దొరికాక ముందు ఆ తప్పుని పట్టుకునే టెస్టు రాయిస్తాను, అది ఫెయిల్ కావడం ఇద్దరం కళ్లారా చూస్తాం, ఆ తర్వాతే ఫిక్స్. అదే నమ్మకంతో రాసిన చోట్లు ఇంకెన్ని ఉన్నాయో కూడా వెతుకుతాం. సాధారణంగా ఉంటాయి.

నా పాత ప్రోగ్రామ్‌లో ఆ మీటింగ్ అయిన సాయంత్రమే ఐడీలు సరిపోల్చే లైన్ పెట్టాను. ఏళ్లు గడిచినా అది ఒక్కసారి కూడా మోగలేదు. అనవసరంగా ఉంది, తీసేద్దామా అని ఒకరిద్దరు అడిగారు, వద్దన్నాను. ఒకరోజు తెల్లవారేసరికి రిపోర్టు రాలేదు. లాగ్ తెరిస్తే చివరి లైన్లో "412వ వరస దగ్గర ఐడీలు కలవడం లేదు" అని ఉంది. అవతలి ఫైల్లో ఒక పేరు రెండుసార్లు పడింది, అక్కడి నుంచి అన్నీ ఒక వరస కిందికి జరిగాయి. ఇరవై నిమిషాల్లో సరిచేసి మళ్లీ నడిపాం. ఆ రోజు రిపోర్టు మూడు గంటలు ఆలస్యంగా వెళ్లింది. ఎందుకు ఆలస్యమైందని రెండు ఫోన్లు వచ్చాయి, రెండింటికీ నేనే జవాబు చెప్పాను.